ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతోంది

ఫిబ్రవరి 2

అత్తా,

నేను బాగానే ఉన్నాను. నువ్వు కట్టి ఇచ్చిన లాప్‌టాప్ మాత్రం మంచాన పడింది. ఫోన్ చేసి చెబుదామంటే నీకు అందులో ఈగల రొద తప్ప ఏమీ వినిపించదు. మధ్యలో నాన్నని పెట్టుకుంటే ఆయన సగం విని మొత్తం చెబుతాడు. అందుకని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

ఇక్కడ వినికిడి యంత్రాల వర్క్‌షాపులో పని నేర్చుకుంటున్న మా పన్నెండు మందికీ మొన్న ఒక మాట చెప్పారు. మార్చి ఆరో తేదీలోగా ఒక్కొక్కరం నలభై మంది చెవుల రికార్డు పూర్తి చేసి ఇవ్వాలి. ఎవరికి ఎంత వినపడుతోందో కొలిచి, గీతలు గీసి, చెవిలో పెట్టే అచ్చు కొలతలతో సహా. నలభై పూర్తి చేసినవాళ్ళలో మంచి రికార్డు ఉన్న ఒక్కళ్ళని ఇక్కడే ఉద్యోగంలో పెట్టుకుంటారు. మిగతా పదకొండు మందీ సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికి. ఆ ఒక్కదాన్నీ నేనే కావాలని ఉంది అత్తా. సిగ్గు విడిచి చెబుతున్నాను.

కొలతలు పగలు వర్క్‌షాపులో తీస్తాం. గీతలు గీసే ప్రోగ్రామ్ ఉన్న కంప్యూటర్లు అక్కడ నాలుగే, ఐదింటికల్లా గదికి తాళం. సొంత లాప్‌టాప్ ఉన్నవాళ్ళు గదుల్లో చేసుకుంటున్నారు. నా దాంట్లో ఉన్న పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆ ప్రోగ్రామ్ నడవనంది. కొత్త సిస్టమ్ వేసుకుంటే నడుస్తుందని లైబ్రరీ ఆవిడ చెప్పారు. ఆవిడ మా వర్క్‌షాపు కింది అంతస్తులో ఉంటారు. కళ్ళజోడు తాడుకి వేలాడుతూ ఉంటుంది, తలెత్తకుండానే మెట్లు దిగేది ఎవరో చెప్పేస్తారు. వాన పడిన రోజున ఆవిడ తన గొడుగు నాకిచ్చి తడుస్తూ వెళ్ళారు. కొత్త సిస్టమ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టింది ఆవిడే. నా ఫైళ్ళన్నీ ముందుగా దాచిపెట్టింది ఆవిడే. ఇన్‌స్టాల్ అవుతున్నంతసేపూ నా పక్కన నిలబడింది కూడా ఆవిడే.

అయితే అది అవ్వలేదు. పాతది తుడిచేసి కొత్తది మొదలుపెడితే ముప్పై ఎనిమిది శాతం దగ్గర ఆగిపోయింది. రెండోసారి డెబ్బై ఒకటి. మూడోసారి పన్నెండు. ఇప్పుడు పాతదీ లేదు, కొత్తదీ లేదు. నల్లటి తెర, మూలన ఒక తెల్లగీత మాత్రం టకటకా కొట్టుకుంటోంది.

నీ చేతి యంత్రం, నువ్వే చెప్పాలి. ఏం చేయను?

నీ
ఉడుత

ఫిబ్రవరి 6

ఉడుతా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ సంగతులు తెలుసుకుందామని, రెండోసారి ఆ లైబ్రరీ ఆవిడ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడదామని. ఆరుసార్లు వచ్చింది. నన్ను రెండుసార్లు పిలిచావు.

పుస్తకాలు అరల్లో సర్దుకునే మనిషికి లాప్‌టాపులతో ఏం పని? అది నేను మూడు చచ్చిన మిషన్ల నుంచి ఒక బతికిన మిషను చేసి నీ చేతిలో పెట్టింది. తుడిచేసే ముందు అత్తని ఒక్క మాట అడుగుదాం అనిపించలేదు ఎవరికీ. తుడిచేశాక గుర్తొచ్చాను. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా.

ఆ పెన్‌డ్రైవ్ పనికిరానిది. ఎక్కించడమే తప్పుగా ఎక్కించి ఉంటుంది. వేరే పెన్‌డ్రైవ్ తీసుకుని మళ్ళీ మొదటినుంచి ఎక్కించండి. ఛార్జర్ తగిలించే ఉంచు. ఎడమవైపు పెట్టు, కుడివైపు దోపే చోటు కొంచెం వదులు.

ఇక్కడి సంగతులు నువ్వు అడగలేదు గానీ చెబుతున్నాను. బళ్ళో ముప్పై ఏళ్ళు కుట్టుపని నేర్పి రిటైరైన టీచరు పక్క వాటాలోకి వచ్చింది. మిషన్ల రిపేరు నేర్చుకుంటానని జనవరి నుంచి కొట్టుకి వస్తోంది. చెయ్యి ఎంత నిలకడో! సోల్డరింగ్ పెడితే ముత్యం పొదిగినట్టు ఉంటుంది. నీ స్టూలు ఖాళీగానే ఉంది కదా, దాని మీదే కూర్చుంటోంది.

ఉద్యోగం సంగతి చదివాను. వస్తే ఇక అక్కడే అన్నమాట. మంచిదే, నాకేం. కొట్టుంది, చేతినిండా పనుంది. అసలు ఇన్ని తిప్పలెందుకు? లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆదివారం బస్సెక్కి వచ్చెయ్. గంటలో బాగుచేసి పెడతాను.

అడిగినప్పుడే గుర్తొచ్చే
మేనత్త

ఫిబ్రవరి 10

అత్తా,

కోపంతో రాసినప్పుడు నీ అక్షరాలు కుడివైపుకి వాలిపోతాయి. ఈసారి పడుకునే ఉన్నాయి.

ఆవిడ పెన్‌డ్రైవ్ తప్పు ఏమీ లేదు. అసలుకీ నకలుకీ ఒక్క అక్షరం తేడా ఉన్నా పట్టించే పద్ధతి ఒకటుంది, దానితో నా కళ్ళముందే సరిచూశారు. సరిపోయింది. అయినా నీ మాట కాదనకుండా కొత్త పెన్‌డ్రైవ్ తెచ్చి, ఎడమవైపు పెట్టి, ఛార్జర్ తగిలించి మళ్ళీ చేశాం. యాభై నాలుగు దగ్గర ఆగింది. తర్వాత తొమ్మిది. మూడోసారి ఎనభై ఎనిమిది దాకా వెళ్ళింది. నేను కుర్చీ అంచు పట్టుకుని నిలబడ్డాను. అక్కడే బిగుసుకుపోయింది. ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతోంది అత్తా. ఎప్పుడూ ఒకేచోట ఆగదు.

వెనక మూత తీసి ఒకసారి చూద్దామా అని ఆవిడ స్క్రూడ్రైవర్ తెచ్చారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. మా అత్త చెప్పనిదే దీని మూత మీరు తీయడానికి వీల్లేదు అన్నాను. ఆవిడ స్క్రూడ్రైవర్ సొరుగులో పెట్టేశారు. చిన్నబుచ్చుకున్నారని తెలుస్తూనే ఉంది. ఆరుసార్లు తలుచుకున్న మనిషిని నీకోసం చిన్నబుచ్చాను, అదీ లెక్కలో వేసుకో.

స్టూలు సంగతి. అది నా పదేళ్ళప్పుడు మూడో కాలు విరిగితే నువ్వు ఇనపముక్క వేసి అతికించింది. దాని మీద పన్నెండేళ్ళు కూర్చున్నాను. నా సోల్డరింగ్‌ని ఒక్కనాడైనా ముత్యం అన్నావా? 'పక్షి రెట్ట వేసినట్టుంది, తీసి మళ్ళీ పెట్టు' అనేదానివి. పోయిన నెలలో వచ్చిన ఆవిడకి ముత్యాలూ, నాకు రెట్టలూనా? కుర్చీ తెచ్చుకోమను. రిటైరైన టీచరింట్లో కుర్చీకి కరువా?

నా రికార్డు పదిహేను మందితో ఆగింది. నా గదిలో ఉండే పిల్ల ఇరవై దాటింది. దాని లాప్‌టాప్ కొత్తది. మూత తెరవగానే వెలుగుతుంది. చూస్తుంటే కళ్ళు కుడుతున్నాయి.

ఇప్పుడేం చేయాలో చెప్పు.

రెట్టలు పెట్టే
ఉడుత

ఫిబ్రవరి 14

ఉడుతా,

ఆవిడని మూత తీయనివ్వకపోవడం నువ్వు ఈ మధ్య చేసిన ఒకే ఒక్క మంచిపని. తీయనివ్వకు. నువ్వూ తీయకు. అది పాత మిషను, లోపల క్లిప్పులన్నీ పెళుసుబారి ఉంటాయి. చెయ్యి తెలియనివాళ్ళు ముట్టుకుంటే పుటుక్కుమంటాయి. తీసేదేదో నా బల్ల మీద, నా దీపం కింద తీద్దాం.

డిస్క్ పాడైందేమో చూడు. మొదటినుంచి చివరిదాకా పరీక్ష పెట్టించు. రోజంతా పడుతుంది, పట్టనీ. వేడెక్కి ఆగుతోందేమో కూడా. కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టి ఎత్తులో ఉంచు, గాలాడుతుంది. ఆవిడ దగ్గర పుస్తకాలకి కొదవుండదుగా, అందుకైనా పనికొస్తుంది. తేదీ, టైమూ సరిగా ఉన్నాయో లేదో కూడా చూసుకో.

స్టూలు గురించి పేజీ నింపావు. బాగుంది. నువ్వు వదిలేసి వెళ్ళిన స్టూలు మీద ఇంకొకళ్ళు కూర్చోకూడదు గానీ, నేను కట్టిన మిషను మీద ఎవరైనా చెయ్యి వేయొచ్చు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు ఉంది నీ వరస. అయినా నీకొకటి చెప్పనా, టీచరు నేను చెప్పకముందే పనిముట్టు అందిస్తుంది. నిన్న ఒక రేడియో ఒంటిచేత్తో బాగుచేసింది. నా కుడి చెవి పనిచేయదని రోజూ ఎడమవైపే కూర్చుంటుంది. నీకది అలవాటు కావడానికి ఏడాది పట్టింది.

ఆవిడ గొడుగు తిరిగిచ్చేశావా? ఇచ్చెయ్. ఊరికే ఒకళ్ళ వస్తువు ఉంచుకోకూడదు. గొడుగు కావాలంటే నాకు రాయొచ్చు, పంపేదాన్ని.

వాళ్ళకంటే ముందునుంచీ ఉన్న
మేనత్త

ఫిబ్రవరి 19

అత్తా,

డిస్క్‌లో చిన్న మచ్చ కూడా లేదు. పరీక్ష పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే సాయంత్రం నాలుగున్నర దాకా నడిచింది. తేదీ సరిగ్గానే ఉంది. పుస్తకాల మీద ఎక్కించాను, పక్కన టేబుల్ ఫ్యాన్ కూడా పెట్టాను. నలభై ఆరు. ఇరవై మూడు. అరవై. ఇవే ఈ వారం అంకెలు.

వర్క్‌షాపు కంప్యూటర్ల దగ్గర వరుసలో నిలబడి ఇరవై రెండు మందికి లాక్కొచ్చాను. నా ముందు నలుగురుంటే ఐదు కొట్టేస్తుంది, మళ్ళీ రేపు. లైబ్రరీ ఆవిడ తన ఇంట్లో ఉన్న లాప్‌టాప్ తెచ్చిస్తానన్నారు. కొత్తదే. నెలరోజులు ఉంచుకో అన్నారు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నీకు అర్థం కాకపోతే ఇంకెవరికీ కాదు.

ఇక అసలు సంగతి. నాన్న ఉత్తరం రాశాడు. టీచరుకి కొట్టు తాళం ఇచ్చావట. నిజమేనా? పన్నెండేళ్ళు అత్తా. బడి అవ్వగానే సంచీతో సహా కొట్టుకే వచ్చేదాన్ని. ఒక్కనాడు, పొద్దున నువ్వు వచ్చేలోపు తీసి ఊడ్చి పెడతాను, తాళం ఇవ్వు అని అడిగితే 'నా తాళం నా నడుముకే ఉండాలి' అన్నావు. నెలన్నరలో అది నీ నడుము దిగి ఆవిడ చేతికి వెళ్ళింది. చెప్పకముందే పనిముట్టు అందిస్తే తాళాలు వస్తాయని ఎవరైనా ముందే చెబితే నేనూ అందించేదాన్ని.

పోనీలే. ఆవిడకే నేర్పు. ఆవిడకే రాయి. ఆవిడ ఎదురుగా ఉంటే రాయక్కర్లేదు కూడా, నీకు పనీ తగ్గుతుంది. నా లాప్‌టాప్ ఎందుకు ఆగుతోందో మాత్రం, తెలిస్తే చెప్పు. తెలిసే ఉంటుందని నా అనుమానం.

అత్త మీది కోపం దుత్త మీద చూపిస్తారంటారు. ఇక్కడ దుత్త లేదు, అందుకని అత్త మీదే చూపిస్తున్నాను.

ఉడుత

ఫిబ్రవరి 23

ఉడుతా,

ముందు తాళం సంగతి. కొట్టు షట్టర్ పైకి లేవడం మానేసింది. బాగుచేసే మనిషి వారం తర్వాత వస్తానన్నాడు. అందాకా పక్క వాటా దారి నుంచి లోపలికి వెళ్ళాలి. ఆ తలుపు టీచరింటిది, ఆ తాళం కూడా టీచరిదే. నా తాళం నా నడుముకే ఉంది. మీ నాన్న బస్సు దిగి, నిలబడి, చూసి, సగం తెలుసుకుని వెళ్ళి నీకు మొత్తం రాశాడు. ఆయన్ని రెండు తిట్టాను. వినపడనట్టు నటించాడు. మా ఇంట్లో చెవుడు నాకొక్కదానికే అనుకునేదాన్ని.

టీచరు సంగతి కూడా చెప్పేస్తాను. ఆవిడ సోల్డరింగ్ ముత్యాలు కాదు, ముద్దలు. రేడియో నేను బాగుచేశాను, ఆవిడ పట్టుకుని నిలబడింది. నాలుగు రోజులకోసారి ప్లస్ ఏదో మైనస్ ఏదో అడుగుతుంది. నువ్వు ఆవిడ గురించి ఆరుసార్లు రాశావని నేను ఈవిడ గురించి రాశాను. నీకు మండాలని రాశాను. మండింది.

ఇంకోటి ఉంది. రెండు రోజులుగా రాయాలా వద్దా అని తిరుగుతున్నాను.

నీ లాప్‌టాప్‌లో మెమరీ ముక్కలు రెండున్నాయి. మొదటిది మంచిది. రెండోది నేను ఒక చచ్చిన మిషను నుంచి పీకింది. అది కూర్చునే చోట క్లిప్పు విరిగిపోతే, కదలకుండా దాని మీద కాగితం మడతపెట్టి దోపి మూత బిగించాను. నీకిచ్చే రోజుకే దాని మీద నాకు నమ్మకం లేదు. కానీ సగం మెమరీతో నిన్ను పంపడానికి మనసొప్పలేదు. మా మేనకోడలి చేతిలో మిగతావాళ్ళ కంటే తక్కువది ఉండకూడదనుకున్నాను. చెడ్డ పెన్‌డ్రైవ్ అయితే మళ్ళీ మళ్ళీ ఒకేచోట తంతుంది. చెడ్డ మెమరీ ఒక్కోసారి ఒక్కోచోట తంతుంది. నీ మొదటి ఉత్తరంలో ముప్పై ఎనిమిది, డెబ్బై ఒకటి, పన్నెండు అని చదవగానే నాకు తెలిసిపోయింది. ఆ క్షణమే తెలిసింది.

తెలిసి కూడా నిన్ను పెన్‌డ్రైవ్ చుట్టూ, డిస్క్ చుట్టూ, పుస్తకాల చుట్టూ తిప్పాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ లైబ్రరీ ఆవిడని తిట్టాను. మూత తీస్తే ఆ మడతకాగితం ఆవిడ చూస్తుంది. మీ అత్త పనితనం ఇదా అనుకుంటుంది. అది ఒకటి. రెండోది, బాగవకపోతే నువ్వు దాన్ని పట్టుకుని నా దగ్గరికి వస్తావు. వస్తే ఆ ఉద్యోగం ఇంకొకళ్ళకి వెళ్ళిపోతుంది. ఇంతకంటే మంచిగా చెప్పడానికి నాకు మాటలు దొరకలేదు. ఇది అసూయ. పేరు మార్చి చెప్పినా అదే.

మూత తియ్యి. కాగితం ఉన్న ముక్క తీసి పారెయ్. ఒక్క ముక్కతో మళ్ళీ మొదలుపెట్టు. ఆవిడ చేత చేయించినా నాకు అభ్యంతరం లేదు. ఉంది, కానీ చేయించు.

తప్పుచేసిన
మేనత్త

ఫిబ్రవరి 27

అత్తా,

నిన్న సాయంత్రం నీ ఉత్తరం చదివి, మూత తీసి, రెండో ముక్క తీసేశాను. ఇరవై రెండు నిమిషాల్లో ఇన్‌స్టాల్ అయిపోయింది. ఎక్కడా ఆగలేదు.

ఇప్పుడు నేను చెప్పేది నిలబడి చదవకు, కూర్చో.

నాకు ముందే తెలుసు. ఫిబ్రవరి ఒకటో తేదీనే మూత తీశాను. నీకు మొదటి ఉత్తరం రాయడానికి ముందు రోజు, లైబ్రరీ ఆవిడ ఇంటికి వెళ్ళిపోయాక. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే మొదట మెమరీని అనుమానించమని నాకు నేర్పింది ఎవరు? తీయగానే విరిగిన క్లిప్పూ, దాని మీద మడతకాగితం. కాగితం మీద నీ రాతే ఉంది, 'ఫ్యాను, కాయిల్ మార్చాలి, గురువారం' అని. చూసి నవ్వుకున్నాను. ఆ ముక్క తీసేస్తే ఆ సాయంత్రమే అయిపోయేది. తీయలేదు. మళ్ళీ అలాగే దోపి, మూత బిగించి, నీకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

ఎందుకో చెబుతాను. జనవరిలో నీ ఉత్తరాలు మూడొచ్చాయి. ఒక్కోటీ నాలుగు లైన్లు. ఒకదాంట్లో అయితే 'ఇక్కడ అంతా మామూలే' తర్వాత సంతకమే ఉంది. టీచరు నా స్టూలు మీద కూర్చుంటోందని నాన్న రాశాడు. ఓహో అందుకా అనుకున్నాను. నీకు చెడిపోయిన వాటి గురించి పేజీలకి పేజీలు రాయడం వచ్చు. బాగున్న వాటి గురించి రాయడం రాదు. నేను బాగున్నానని రాసినన్నాళ్ళూ నాలుగు లైన్లే వచ్చాయి. అందుకని చెడిపోయింది ఒకటి పంపించాను.

వచ్చింది. రెండు పేజీలు వచ్చింది. కానీ అందులో అబద్ధం ఉంది. నీకు తెలిసీ చెప్పడం లేదని అర్థమైంది. అప్పుడు పంతం పట్టింది. అత్త నోటితో అనేదాకా నేనూ తీయను అనుకున్నాను. రోజులు పోతున్నాయని తెలుసు. ఆ ప్రతి అంకె దగ్గరా అది ఆగుతుందని తెలిసే చూస్తూ కూర్చున్నాను. పాపం లైబ్రరీ ఆవిడ ఒక్కరే ఏమీ తెలియకుండా నిజంగా కష్టపడ్డారు.

ఇరవై ఐదు మంది అయ్యారు. ఇంకా పదిహేను. ఎనిమిది రోజులు. సగం మెమరీతో ఒక్కో గీత తెర మీదికి రావడానికి నేను ఒకసారి కిందికి వెళ్ళి నీళ్ళు తాగి రావొచ్చు. అయినా వస్తోంది.

నీకంటే తక్కువేమీ తినని
ఉడుత

మార్చి 2

ఉడుతా,

కూర్చునే చదివాను. టీచరు నీళ్ళు తెచ్చి పెట్టింది.

దొందూ దొందే. మీ నాన్నకి చదివి వినిపిస్తే 'ఇద్దరినీ ఒక గదిలో పెట్టి తాళం వేయాలి, ఆ తాళం టీచరుకివ్వాలి' అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన వేసిన మొదటి మంచి జోకు.

నాలుగు లైన్లు రాసిన మాట నిజమే. కానీ టీచరు వల్ల కాదు. నువ్వు రాసేవన్నీ నాకు తెలియని యంత్రాల పేర్లు, తెలియని మనుషులు. ఏం జవాబు రాయాలో తెలిసేది కాదు. అంత పెద్ద ఉత్తరానికి మామూలే అని రాయడానికి నాకు మాత్రం బాగుందా?

ఇప్పుడు తిట్టుకోవడానికి టైము లేదు. ఊరంతా గాలించి నీ మిషనుకి సరిపోయే మంచి మెమరీ ముక్క సంపాదించాను. రెండు గంటలు పరీక్షించాను. దూదిలో చుట్టి ఇవాళే రిజిస్టర్ చేసి పంపుతున్నాను. అందగానే వెయ్యి. క్లిప్పు లేని చోట రబ్బరుముక్క పెట్టు, కాగితం పెట్టకు.

నలభై పూర్తి చెయ్. మనస్ఫూర్తిగా అంటున్నాను. ఇప్పుడే ఆ మనసు వచ్చింది, పోకముందే పూర్తి చెయ్.

మేనత్త

మార్చి 10

అత్తా,

ముప్పై ఏడు.

ఆరో తేదీ సాయంత్రం ఐదింటికి రికార్డులు తీసుకున్నారు. ముప్పై ఎనిమిదో మనిషి గీత తెర మీద సగం వచ్చి ఉంది. నువ్వు పంపిన మెమరీ ఏడో తేదీ పొద్దున అందింది. వేశాను. ఇప్పుడు మూత తెరవగానే వెలుగుతుంది. ముప్పై ఎనిమిదో గీత చిటికెలో వచ్చింది. తుడిచేశాను.

ఉద్యోగం మా గది పిల్లకి వచ్చింది. మంచి పిల్లే. నన్ను పట్టుకుని ఏడ్చింది కూడా. నేను దాని వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ, నీ కొత్త లాప్‌టాప్ మెట్ల మీంచి పడితే బాగుండేది అనుకున్నాను. నా లోపల ఎంత మంచి మనిషి ఉందో చూడు. ఇందులో ఎవరి తప్పు ఎంత అని నేను లెక్కలు వేయడం లేదు. వేస్తే నాదే ఎక్కువ తేలుతుంది. నీకు నా ఉత్తరం చదివాకే తెలిసింది, నాకు ఒకటో తేదీనే తెలుసు.

మా పెద్దాయన పిలిచి, నీ కొలతలు అందరికంటే శుద్ధంగా ఉన్నాయి, ఏప్రిల్ ఒకటిన మొదలయ్యే బ్యాచ్‌లో కూర్చో, చేరడానికి మళ్ళీ పరీక్ష అక్కర్లేదు అన్నారు. కానీ హాస్టల్‌లో మా గదులు ఇరవయ్యో తేదీ దాకానే. కొత్త బ్యాచ్‌కి మంచాలు నిండిపోయాయి. లైబ్రరీ ఆవిడ ఇంట్లో మేడ మీద ఒక గది ఖాళీగా ఉంది. వచ్చి ఉండమన్నారు. ఆవిడ అమ్మాయి గది, అమ్మాయికి పెళ్ళయి వెళ్ళిపోయింది. కిటికీ దగ్గర బల్ల కూడా ఉంది.

వద్దన్నాను. ఆవిడ ఇంట్లో నేనుంటే నువ్వు ఓర్చుకోలేవు. నాకు తెలుసు. టీచరుకి ఒక స్టూలు దొరికితేనే నేను నెలరోజులు నాశనం చేసుకున్నాను.

ఇరవయ్యో తేదీ బస్సుకి టికెట్ తీసుకుంటాను. నువ్వు ఒక్క మాట 'రా' అని రాస్తే చాలు. తర్వాత ఎలా అని అడగను, ఎందుకని అడగను. వచ్చేస్తాను.

నీ
ఉడుత

మార్చి 14

ఉడుతా,

'రా' అని రాశాను. కార్డు మీద, పెద్ద అక్షరంతో. పోస్టుడబ్బా దాకా వెళ్ళాను. ఎంత సంతోషంగా వెళ్ళానో చెప్పలేను. నెలంతా నేను కోరుకున్నది అదే కదా, అడక్కుండానే చేతికి వచ్చింది. డబ్బాలో వేయబోతుంటే వెనక నుంచి ఎవరో ఏదో అడిగారు. నాకు వినపడలేదు. ఆయన చుట్టూ తిరిగి ఎడమవైపుకి వచ్చి, కొట్టు ఎన్నింటికి తీస్తారమ్మా అని మళ్ళీ అడిగాడు. తొమ్మిదింటికి అన్నాను. ఆయన వెళ్ళాక కార్డు చింపేశాను. చెవిటిదాన్నని కాదు చింపింది. ఆయన నాకోసం వచ్చినట్టే అక్కడ ఆవిడ నీకోసం చుట్టూ తిరిగి వస్తుంటే నేను దారికి అడ్డంగా నిలబడి ఉన్నాననిపించింది.

రావద్దు.

ఈ కవరులో ఇంకో కవరు ఉంది. అది లైబ్రరీ ఆవిడకి. అంటించాను, విప్పకు, అలాగే ఇచ్చెయ్. ఏం రాశానో నేనే చెబుతాను. మొదట క్షమించమని రాశాను, మీ పెన్‌డ్రైవ్‌లో తప్పు లేదని. అది రాయడానికి మూడు కాగితాలు పాడయ్యాయి. తర్వాత నీ గురించి నాకు తెలిసినవన్నీ రాశాను. అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు ఎదుటివాళ్ళని ప్రశ్నలు అడుగుతావని. ఓడిపోయినప్పుడు ఎక్కువ నవ్విస్తావని, ఆ రోజున నవ్వకుండా పక్కన కూర్చోమని. జ్వరం వస్తే చెప్పవు, చెయ్యి పట్టుకుని చూడాలని. నీ పనిని మెచ్చుకుంటే పాడైపోతావని నేను భయపడేదాన్ననీ, అది తప్పనీ, మెచ్చుకోమనీ రాశాను. పన్నెండేళ్ళు పట్టింది నాకు అవన్నీ తెలియడానికి. పేజీన్నరలో అయిపోయాయి. సంతకం పెట్టాక చూసుకుంటే నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

ఆ గదిలో ఉండు. కిటికీ దగ్గర బల్ల మీద పని చేసుకో. ఆవిడ ఏమన్నదీ, నువ్వేమన్నదీ, ఇద్దరూ కలిసి ఏం బాగుచేసిందీ అన్నీ నాకు రాయాలి. దాచి రాయకు. ఆరుసార్లు కాదు, అరవైసార్లు వచ్చినా సరే. చదివిన ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది. మండనీ.

నీ
మేనత్త